టోపీకి తలంటు వద్దు

తెలుగులో ఎవరికైనా టోపీ పెట్టామంటే వాళ్ళని నిలువునా ముంచామని అర్థం. నేనుండే కాల్గరీలో మాత్రం ఊరికొచ్చిన పెద్దమనిషికి టోపీ పెట్టడమంటే మనవైపు శాలువా కప్పడం లాంటిది. 1950లలో మేయరుగా ఉన్న డాన్ మకాయ్ ఊరికొచ్చిన ప్రముఖులకు తెల్ల కౌబాయ్ టోపీలు బహూకరించేవాడు. ఆ మర్యాద ఇప్పటికీ నడుస్తోంది. ఊరి జెండా మీద ఉన్నదీ ఆ టోపీ బొమ్మే. విమానాశ్రయంలో కొత్తవాళ్ళకి దారి చూపే స్వచ్ఛంద సేవకుల తలల మీద ఉండేదీ అదే.

జూలైలో స్టాంపీడ్ జరిగే పదిరోజులూ ఊరంతా కౌబాయ్ వేషం కడుతుంది. ఆఫీసులో మేనేజరు దగ్గర్నుంచి బ్యాంకులో గుమాస్తా దాకా అందరికీ టోపీలే. మనవాళ్ళు మాత్రం ఎందుకు ఊరుకుంటారు? వచ్చిన మొదటేడే తలా ఒకటి కొనుక్కుంటారు. పదకొండో రోజున ఆ టోపీ బేస్‌మెంట్‌లోకి చేరుతుంది. మళ్ళీ ఏడు తీసి చూస్తే నుదుటి దగ్గర పసుపుపచ్చ చెమట మరక, అంచు వంకర, వెనకవైపు పురుగు కొట్టిన చిల్లు. అప్పుడు అడుగుతారు: "ఇది వాషింగ్ మెషీన్‌లో వెయ్యొచ్చా?"

వెయ్యకూడదు. బకెట్లో నానబెట్టి సబ్బు రుద్దడం కూడా కూడదు. ఎందుకు కూడదో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ ఎవరూ చెప్పకుండానే తడతాయి. అందుకని ముందు ఆ సంగతి.

ఫెల్ట్ నేసిన బట్ట కాదు. దానికి పడుగూ పేకా ఉండవు. అది జడలు కట్టిన వెంట్రుక, అంతే. నూనె దువ్వెన చూడని జుట్టు ఎలా అట్టకట్టి జటలవుతుందో, అదే పనిని మనుషులు కావాలని, పద్ధతిగా చేస్తే వచ్చేది ఫెల్ట్. ఉన్ని పోగుల మీద చేప పొలుసుల్లాంటి సన్నటి పొలుసులుంటాయి. వేడినీళ్ళు తగిలితే అవి విచ్చుకుంటాయి. రుద్దిన కొద్దీ ఒకదానిలో ఒకటి చిక్కుకుంటూ దగ్గరవుతాయి, ఇక విడిపోవు. ఉన్ని స్వెటర్ని తెలియక వేడినీళ్ళలో ఉతికి, డ్రయ్యర్లో వేసి, చంటిపిల్లాడి చొక్కా అంత చేసుకున్న ఇల్లు ప్రతి వీధిలోనూ ఒకటి ఉంటుంది. ఆ ఇంట్లో తయారైంది అచ్చమైన ఫెల్టే.

కాబట్టి ఫెల్టును పుట్టించేవి మూడు: తడి, వేడి, రాపిడి. దాన్ని చెడగొట్టేవీ ఆ మూడే. టోపీ చేసేవాడు అచ్చు మీద ఎక్కించి, ఎంత కుంచించుకోవాలో అంతా కుంచింపజేసి, సరిగ్గా మన తల కొలత దగ్గర ఆపాడు. మనం మళ్ళీ తడిపి, వేడిచేసి, రుద్దితే ఆ పని ఆగిన చోట మళ్ళీ మొదలవుతుంది. ఈ మూడింటినీ చిటికెడు చిటికెడు వాడటం, వీలైతే అసలు వాడకపోవడం, టోపీ సంరక్షణ అంటే ఇంతే.

మన గొంగడిని తలచుకోండి. అది నేసిందే, ఫెల్ట్ కాదు. కానీ ఉన్నిని ఎలా చూసుకోవాలో తెలంగాణ కురుమలకి తెలిసినంత ఎవరికి తెలుసు? దక్కనీ గొర్రె ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడిని వాళ్ళు ఊరికే ఉతకరు. ఎండలో వేసి, దులిపి, మడిచి దాచుకుంటారు. టోపీకి కావలసిందీ ఆ తీరు శ్రద్ధే.

ఇక పనిలోకి వద్దాం.

మొదటిది దుమ్ము. గుర్రపు వెంట్రుకలతో చేసిన మెత్తటి బ్రష్షు ఒకటి కొనండి. లేత రంగు టోపీకి ఒకటి, ముదురు రంగుకి ఇంకొకటి. వంటింట్లో శాకాహారానికీ మాంసానికీ వేరే గరిటెలు పెట్టుకునే ఇళ్ళవాళ్ళకి ఈ నియమం విప్పి చెప్పనక్కర్లేదు. టోపీ మీద నూగు ఒకవైపుకి వాలి ఉంటుంది. ఆ వాలుకే, తేలిగ్గా, దువ్వినట్టు బ్రష్ చెయ్యాలి. పెట్టుకున్న రోజల్లా ఒక నిమిషం ఇలా చేస్తే దుమ్ము నూగులోపలికి దిగదు. బురద పడితే ముట్టుకోకండి. పూర్తిగా ఎండనిచ్చి అప్పుడు దులపండి. తడి బురదని తుడిస్తే అది రంగు వేసినట్టు అంటుకుంటుంది.

రెండోది వాన. టోపీ తడిస్తే కంగారుపడి హీటరు దగ్గర పెట్టడం, హెయిర్ డ్రయ్యరు పట్టడం చెయ్యకండి. నీళ్ళు విదిలించి, లోపల తలచుట్టూ ఉండే తోలుపట్టీని బయటికి తిప్పి, ఆ పట్టీ మీదే టోపీని నిలబెట్టండి. గది వేడికి అదే ఆరుతుంది, ఒక రాత్రి పట్టినా సరే. వేడి తగిలితే ముందు ముడుచుకునేది ఆ తోలుపట్టీ. అది ముడుచుకుంటే టోపీ నెత్తికి పట్టదు. ఎండాకాలం కారు అద్దం కింద టోపీ వదిలెయ్యొద్దని చెప్పేదీ ఇందుకే.

మూడోది చెమట. ఇక్కడ మనవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట: తలకి కొబ్బరినూనె రాసుకున్న రోజు ఫెల్టు టోపీ జోలికి పోకండి. తోలుపట్టీ ఆ నూనె తాగి, నెమ్మదిగా బయటి ఫెల్టుకి అందిస్తుంది. అక్కడొచ్చిన జిడ్డు మరకని వదిలించడం చాలా కష్టం. రోజూ పెట్టుకునేవాళ్ళు ఇంటికి రాగానే పట్టీని బయటికి తిప్పి ఆరనివ్వాలి, అప్పుడప్పుడు కొంచెం తడిబట్టతో పట్టీని మాత్రం తుడవాలి.

నాలుగోది మరకలు. మినీ డోనట్ల నూనో మిర్చిబజ్జీ నూనో పడితే వెంటనే దాని మీద కార్న్ స్టార్చ్ చల్లి, కొన్ని గంటలు వదిలేసి, బ్రష్షుతో దులపండి. ఒకసారికి పోకపోతే మళ్ళీ చల్లండి. నల్ల టోపీ అయితే ముందు కనబడని చోట చూసుకోండి, పిండి నూగులో ఇరుక్కుని తెల్లగా కనిపించవచ్చు. చేతివేళ్ళ మురికికి నిన్నటి తెల్ల బ్రెడ్డు ముక్కగానీ, బొమ్మలు గీసేవాళ్ళు వాడే మెత్తటి రబ్బరుగానీ చాలు. తెల్ల టోపీ మీద పులుసు ఒలికిందా? ముందు పిండితో నూనె తీసి, తరవాత కిటికీ వెలుతురులో కొన్నాళ్ళు పెట్టి చూడండి. చీర మీద పసుపు మరక ఎండకి వెలవడం మనకి తెలిసిందే కదా. బ్లీచు మాత్రం వద్దు, అది వెంట్రుకనే తినేస్తుంది.

ఐదోది ఆకారం. టోపీని ఎప్పుడూ తలకిందులుగా, నెత్తిభాగం కింద ఆనేలా పెట్టాలి. అంచు మీద కూర్చోబెడితే ఆ అంచు బల్లలాగా చదునైపోతుంది. ముందు భాగంలో నొక్కు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని తియ్యడం సినిమాల్లో బాగుంటుంది గానీ, అక్కడే ఫెల్ట్ అరిగి చిరుగుతుంది. అంచు పట్టుకుని తియ్యండి. సొట్టపడితే కెటిల్లో నీళ్ళు మరిగించి, ఆవిరికి జానెడు దూరంలో నాలుగైదు క్షణాలు చూపించి, మెత్తబడ్డాక వేళ్ళతో సర్ది, చల్లారేదాకా అలాగే వదిలెయ్యండి. చేతులు కాలకుండా చూసుకోండి. తడి, వేడి ఇక్కడ మన పక్షాన పనిచేస్తాయి, కొంచెమే కాబట్టి.

ఆరోది పురుగు. టోపీని తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్లపురుగు. దానికి వెంట్రుకే ఆహారం, అందులోనూ చెమట పట్టిన చోటంటే మరీ ప్రీతి. అందుకే దాచేముందు శుభ్రం చెయ్యాలి, దాచాక కాదు. కలరా ఉండల వాసన టోపీని వదలదు, ఆ ఆవిరి మనకీ మంచిది కాదు. పురుగుందని అనుమానమొస్తే టోపీని ప్లాస్టిక్ సంచీలో గాలి చొరకుండా కట్టి, ఇంటి ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. తీశాక గది వేడికి వచ్చేదాకా సంచీ విప్పకండి, లేకపోతే తేమ పట్టేస్తుంది. బయట చలికాలం అంత చలి ఉందిగా అంటారేమో. షినూక్ గాలి తిరిగితే ఒక్కపూటలో ఇరవై డిగ్రీలు పెరిగే ఊరిది. ఫ్రీజరునే నమ్ముకోండి.

ఇంత శ్రమ ఒక టోపీకి అవసరమా అని మీరు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. ఈ దేశం చరిత్రలో సగం టోపీ కోసం నడిచింది. బీవర్ అనే జంతువు ఒంటిమీద పొడుగు వెంట్రుకల కింద సన్నటి నూగు ఉంటుంది. ఆ నూగుకి కొక్కేల్లాంటి పొలుసులుండటంవల్ల దానితో వచ్చే ఫెల్ట్ గట్టిగా ఉంటుంది, వానకి జారదు. ఐరోపాలో బీవర్లు తరిగిపోయాక వ్యాపారులు ఇక్కడికొచ్చారు. 1670లో లండనులో రాజపత్రం పొందిన హడ్సన్స్ బే కంపెనీ ఈ బొచ్చు మీదే బతికింది. అన్నిటికన్నా విలువైన చర్మాన్ని ఫ్రెంచివాళ్ళు "కాస్తోర్ గ్రా", అంటే జిడ్డు బీవర్ అనేవారు. ఇక్కడి ఆదివాసులు బొచ్చు లోపలికి వచ్చేలా కప్పుకుని ఏడాదో రెండేళ్ళో తిరిగితే, ఒంటి చెమటకీ రాపిడికీ పొడుగు వెంట్రుకలు రాలిపోయి నూగు మిగిలేది. మనం ఇవాళ టోపీ మీంచి వదిలించాలని చూసే చెమటే ఒకప్పుడు ఆ చర్మానికి ధర పెంచింది. చలిలో దాన్ని తొడుక్కుని తిరిగినవాళ్ళ పేర్లు మాత్రం ఏ టోపీలోనూ లేవు.

1830ల తరవాత పట్టు టోపీలు ఫ్యాషనై ఆ గిరాకీ పడిపోయేనాటికి బీవర్లు చాలాచోట్ల అంతరించే దశకి వచ్చాయి. అదే జంతువు 1937 నుంచి ఐదు సెంట్ల నాణెం మీద ఉంది, 1975లో కెనడా జాతీయ చిహ్నమైంది. బొచ్చుతో పుట్టిన ఆ కంపెనీ దుకాణాలు 2025 జూన్ 1న మూతపడ్డాయి.

ఇందులో మనుషులు పెట్టిన ఖర్చు కూడా ఉంది. నాసిరకం బొచ్చు త్వరగా జడకట్టాలని పాదరసపు లవణం పూసేవారు. ఆ ఆవిరి పీల్చిన టోపీ కార్మికులకి చేతులు వణికేవి, మాట తడబడేది, మతి చలించేది. అమెరికాలో ఆ వాడకం 1941 చివరిదాకా సాగింది. ఇది పాత కథ అనుకోవడానికి వీల్లేదు. ఆ పాదరసం పాత టోపీల్లో ఇంకా ఉండొచ్చు. యాంటిక్ దుకాణంలోనో గరాజ్ సేల్‌లోనో 1940లకి ముందరి ఫెల్టు టోపీ దొరికితే పైన చెప్పినవేవీ దాని మీద చెయ్యకండి. బ్రష్ చెయ్యొద్దు, ఆవిరి అసలే పట్టొద్దు, పిల్లలకి ఆటవేషానికి ఇవ్వొద్దు. చేతికి గ్లవ్స్ వేసుకుని సంచీలో కట్టిపెట్టి, మ్యూజియంలో వస్తువులు భద్రపరిచేవాళ్ళని అడగండి.

కాల్గరీ తెల్లటోపీని చేసిన స్మిత్‌బిల్ట్ కంపెనీని 1919లో మొదలుపెట్టిన మోరిస్ షుమియాచరూ రష్యా నుంచి వలస వచ్చినవాడే. ఊరు ఊరంతా తన గుర్తుగా చెప్పుకునేది ఒక వలసవచ్చినవాడి దుకాణంలో తయారైంది. అందుకే మనం దాన్ని పదిరోజుల అద్దె వేషంలా చూడనక్కర్లేదు. సరిగ్గా చూసుకున్న మంచి ఫెల్టు టోపీ ఇరవై ముప్ఫై ఏళ్ళు మన్నుతుంది. ఇంట్లో చేతకాని పని, అంటే కుంచించుకుపోయినది సాగదియ్యడం, పట్టీ మార్చడం, టోపీలు చేసేవాళ్ళకే అప్పజెప్పండి. మిగతాదంతా ఒక బ్రష్షు, ఒక కెటిలు, కాస్త ఓపిక.

ఈ జనవరిలో ఒకసారి బేస్‌మెంట్‌లోకి దిగి మీ టోపీ ఎలా ఉందో చూడండి. అంచు మీద కూర్చుని ఉంటే ముందు తిరగేసి పెట్టండి. మైనస్ ముప్ఫైలో బయటికి మాత్రం దాన్ని పెట్టుకుని వెళ్ళకండి, అది చెవులు కప్పదు. అప్పటికి ఉన్ని టూకే దిక్కు, దాన్ని ఉతకాల్సినా చన్నీళ్ళే.