చిన్న కారుకు పెద్ద చక్రాలు అవసరమా?

చిన్న కార్లపై వస్తు సేవల పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి దిగివచ్చింది. అంతకుముందు 28 శాతం పన్నుకు తోడు పరిహార సెస్సు కూడా ఉండేది. టైర్లపై పన్ను సైతం 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. మోటారు సైకిలు మీద నలుగురూ సర్దుకుని తిరిగే మధ్యతరగతి కుటుంబానికి ఇది ఊరట కలిగించే పరిణామమే. అయితే ఇలా మిగిలే సొమ్ములో కొంత భాగాన్ని చక్రాల సొగసుకు సమర్పించుకోవలసిన పరిస్థితి కొనుగోలుదారుకు ఎదురవుతోంది.

ప్రభుత్వ లెక్కల్లో చిన్న కారు అంటే పొడవు 4 మీటర్లకు మించరాదు. ఇంజను పెట్రోలుదైతే 1200 సీసీలు, డీజిలుదైతే 1500 సీసీలు దాటరాదు. చక్రానికి మాత్రం ఈ నిర్వచనంలో ఏ పరిమితీ లేదు. కారు పొడవు పెంచే వీలు లేని చోట, దానిని పెద్దదిగా చూపించడానికి చక్రం అక్కరకు వస్తోంది.

గతంలో పరిస్థితి ఇందుకు భిన్నం. అంబాసిడర్ 15 అంగుళాల చక్రాలతోను, ప్రీమియర్ పద్మిని 14 అంగుళాల చక్రాలతోను తిరుగుతున్న కాలంలో, 1983 డిసెంబరులో మారుతి 800 కేవలం 12 అంగుళాల చక్రాలతో రోడ్డెక్కింది. చక్రం చిన్నదైతే లోపల కాళ్లు చాపుకొనే చోటు పెరుగుతుంది, బరువు తగ్గుతుంది, ఖర్చు కలిసివస్తుంది. 1959లో బ్రిటన్‌లో వెలువడిన మినీ కారుకు 10 అంగుళాల చక్రాలు అమర్చడంలోని ఆంతర్యమూ ఇదే. 2009లో వచ్చిన టాటా నానో కూడా 12 అంగుళాలతోనే సరిపెట్టుకుంది. 2022 నాటి ఆల్టో కె10కు అవి 13 అంగుళాలయ్యాయి. నేడు 4 మీటర్ల లోపు కార్లలోనే 14, 15, 16 అంగుళాల చక్రాలు సర్వసాధారణం.

ఇక్కడ సామాన్యుడు గుర్తించవలసిన అంశం ఒకటుంది. కంపెనీలు చెప్పే అంగుళాలు లోహపు రిమ్ము కొలత మాత్రమే. రోడ్డును తాకి తిరిగే చక్రం మొత్తం ఎత్తు అది కాదు. ఉదాహరణకు స్విఫ్ట్ కారునే తీసుకుంటే, ప్రారంభ రకానికి 165/80 ఆర్ 14, పై రకానికి 185/65 ఆర్ 15 టైర్లు వస్తాయి. మొదటి అంకె టైరు వెడల్పును మిల్లీమీటర్లలో చెబుతుంది. రెండవది ఆ వెడల్పులో టైరు పక్కగోడ ఎత్తు ఎంత శాతమో తెలుపుతుంది. చివరిది రిమ్ము అంగుళాలు. లెక్క కడితే మొదటి చక్రం మొత్తం ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు, రెండవది సుమారు 622. అంటే తేడా 2 మిల్లీమీటర్లే. రిమ్ము పెరిగిన మేరకు పక్కగోడ 132 నుంచి 120 మిల్లీమీటర్లకు కుంచించుకుపోయింది.

గతుకుల రోడ్డు మీద ఈ తేడా బయటపడుతుంది. చక్రం మొత్తం ఎత్తు పెరిగితే గుంతలు దాటడం సులభమవుతుంది. రిమ్ము ఒక్కటే పెరిగితే ఆ ప్రయోజనం లభించదు. పైగా రిమ్మును కాపాడే గాలి దిండు పలచబడుతుంది. గుంత అంచుకు బలంగా కొట్టుకున్నప్పుడు టైరు పక్కగోడ చీలడానికి, రిమ్ము వంగడానికి అవకాశాలు హెచ్చుతాయి. తొక్కుడు భాగంలో మేకు దిగితే పంక్చరు వేయవచ్చు. పక్కగోడ చీలితే టైరు మార్చడం మినహా మార్గం లేదు. జాతీయ రహదారిపై వేగంగా పోతున్న వేళ అది పగిలితే ప్రాణాలకే ముప్పు.

వెడల్పు టైరుకు లాభాలు లేకపోలేదు. మలుపులలో పట్టు, పొడి రోడ్డు మీద స్థిరత్వం మెరుగుపడతాయి. మరోవైపు బరువు, రోడ్డుతో రాపిడి పెరిగి ఇంధనం కొంత అధికంగా ఖర్చవుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. నగరంలో 40, 50 కిలోమీటర్ల వేగంతో తిరిగే చిన్న కారుకు ఆ అదనపు పట్టు ఎంతవరకు అక్కరకు వస్తుందన్నది ఆలోచించవలసిన విషయం.

స్టెప్నీ సంగతి మరొకటి. టైరులో గాలి ఒత్తిడిని తెలిపే పరికరం, ట్యూబు లేని టైర్లు, మరమ్మతు సామగ్రి ఉన్న కార్లకు స్టెప్నీ అవసరం లేదని కేంద్రం 2020లో నిబంధనలు సవరించింది. కానీ చీలిన పక్కగోడను ఆ సామగ్రి అతికించలేదు. పక్కగోడ పొట్టిదైన కారులో స్టెప్నీ కూడా లేకపోతే, అర్ధరాత్రి దారిలో చిక్కుపడేది ఆ కుటుంబమే.

కారు కొన్నాక బయటి దుకాణంలో చక్రాలు మార్పించుకునే వారి సమస్య వేరు. 145/80 ఆర్ 12 టైరు స్థానంలో 145/80 ఆర్ 13 వేస్తే చక్రం ఎత్తు దాదాపు 5 శాతం పెరుగుతుంది. అప్పుడు స్పీడోమీటరు గంటకు 95 చూపుతున్నా కారు నిజానికి 100కు చేరువలో ఉంటుంది. పైగా తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చడం చెల్లదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. ప్రమాదం జరిగినప్పుడు బీమా పరిహారం విషయంలో ఇది వివాదానికి దారితీయవచ్చు.

టైర్ల రాపిడి, తడి రోడ్డుపై పట్టు, శబ్దం విషయాల్లో కేంద్రం 2022లో ప్రమాణాలను ప్రకటించింది. ఇది హర్షణీయం. కానీ ఏ రకం కారుకు ఏ టైరు, మార్చవలసి వస్తే దాని ధరెంత అన్నది కారు ధర పట్టికలోనే కనిపించాలి. భద్రతా సదుపాయాల కోసం పై రకం ఎంచుకునే వారికి చిన్న రిమ్ము, ఎత్తైన పక్కగోడ గల టైర్లు కోరుకునే వీలు కల్పించడం కంపెనీలకు అసాధ్యమేమీ కాదు.

అంతవరకు కొనుగోలుదారే జాగ్రత్త వహించక తప్పదు. డ్రైవరు వైపు తలుపు వద్ద అంటించిన చీటీలో కారుకు తగిన టైరు కొలత, గాలి ఒత్తిడి రాసి ఉంటాయి. రంగు, మెరుపు చూసే ముందు ఆ చీటీని, తాను రోజూ తిరిగే రోడ్డును ఒకసారి పోల్చి చూసుకోవడం వివేకం. గతుకుల బాటన నడిచే చిన్న కారుకు ఎత్తైన పక్కగోడే అసలైన రక్ష.