నూజెండ్ల ఎకరానికి వైపు ఎంత?

నూజెండ్లలో పొలం బేరం ఎకరాల్లో, సెంట్లలో నడుస్తుంది. ఇంటి స్థలం దగ్గరకొచ్చేసరికి గజాల్లోకి మారుతుంది. ఎకరానికి వంద సెంట్లు, అంటే 4,840 చదరపు గజాలు, సెంటుకు 48.4. పల్నాడులో సెంటు భూమి ఉన్నవారికైనా ఈ లెక్క కొత్తది కాదు. పదో తరగతి గణితంలో మొదటి పాఠం ‘వాస్తవ సంఖ్యలు’ మాత్రం అదే ఇంటి పిల్లలకు పరాయిదిగానే మిగిలిపోతోంది.

రెండున్నర సెంట్ల స్థలం 121 చదరపు గజాలు. అది చదరంగా ఉంటే ఒక్కో వైపు కచ్చితంగా 11 గజాలు. పది సెంట్లయితే 22 గజాలు. అదే చదరం ఎకరం ఉంటే? వైపు 22ను 10 వర్గమూలంతో హెచ్చవేసినంత, సుమారు 69.57 గజాలు. ఆ ‘సుమారు’ను తీసేయడం ఎవరి తరమూ కాదు. దశాంశాలు ఎన్ని రాసినా ముగియవు, ఒకే వరుసలో తిరిగి తిరిగి రావు. ఇది కరణీయ సంఖ్య. ఆ ఎకరాన్నే 22 గజాల వెడల్పు, 220 గజాల పొడవు పెట్టి కొలిస్తే ఏ చిక్కూ ఉండదు!

నిరూపణ కూడా నాలుగు మాటల్లో అయిపోతుంది. 10 వర్గమూలం ఒక భిన్నమే అయితే, లవం వర్గం హారం వర్గానికి పదింతలు కావాలి. ఏ వర్గాన్ని విడగొట్టినా అందులో 2 సరిసంఖ్య సార్లే వస్తుంది. పదితో హెచ్చవేస్తే మరో 2 చేరి బేసి అవుతుంది. రెండూ సమానం కాలేవు.

సహజ, పూర్ణ, అకరణీయ, కరణీయ అంటూ నిర్వచనాలు వల్లె వేయించడమే మన బడుల్లో జరుగుతున్న పొరపాటు. ఈ సంఖ్యల్లో ఏదీ జాబితా నింపడానికి పుట్టలేదు. ఉన్న సంఖ్యలతో ఒక లెక్క తెగనప్పుడల్లా కొత్తది అవసరమైంది. పంచుకోవడానికి భిన్నాలు కావాలి. మన పెద్దల లెక్కల్లో నాలుగో వంతు కాలు, అందులో నాలుగో వంతు వీసం. వాటికి తెలుగులో ప్రత్యేక గుర్తులే ఉండేవి, 2008లో అవి యూనికోడ్‌లోకీ చేరాయి. అప్పు మిగిలిన లెక్కకు సున్నా కంటే తక్కువ సంఖ్య కావాలి, క్రీ.శ. 628లోనే బ్రహ్మగుప్తుడు ధనానికీ ఋణానికీ సూత్రాలు రాశాడు.

తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు మరో గడప దాకా వచ్చాడు. ఋణ సంఖ్య ఏ సంఖ్యకూ వర్గం కాదు కనుక దానికి వర్గమూలం లేదన్నాడు. ఆయన ‘గణితసార సంగ్రహం’ను 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. వెయ్యేళ్ల కిందటే ఇంత గణితం పద్యాల్లో చెప్పుకున్న భాష మనది. వాస్తవ సంఖ్యల వరకు మహావీరుడి మాట నిజమే. ఆ గడప దాటిన లెక్కకు సూత్రాలు 1572లో ఇటలీవాడు బొంబెల్లి పుస్తకంలో అచ్చయ్యాయి. అవే నేటి సంకీర్ణ సంఖ్యలు.

అవి గాలిలో లెక్కలు కావు. బోరు మోటారులో కరెంటు, వోల్టేజీ కంటే కాస్త వెనకబడి నడుస్తుంది. ఆ వెనుకబాటును సరిచేయడానికే కెపాసిటర్ పెడతారు. ఎంత సామర్థ్యం ఉన్నది పెట్టాలో ఇంజినీర్లు తేల్చేది ఈ సంఖ్యలతోనే. మిరప చేలో నీళ్లు పెట్టే రైతు కొడుక్కి ఈ ముక్క ఇంటర్‌లో ఎవరైనా చెబితే, సంకీర్ణ సంఖ్యల పాఠం అతనికి అంత దూరంగా ఉండదు.

గణితం ఉపాధ్యాయులకు ఒక మనవి. వాస్తవ సంఖ్యల పాఠం మొదలుపెట్టే రోజున పిల్లల చేతికి టేపు ఇవ్వండి. బడి ఆవరణలో ముందు రెండున్నర సెంట్ల చదరం గీయించండి, ఆ తర్వాత ఎకరం చదరానికి వైపెంతో అడగండి. నిర్వచనం ఆ మర్నాడు చెప్పినా ఆలస్యం కాదు.