తాతగారి తుపాకీ ఎవరికి?

రహమత్‌నగర్ నుంచి ఫిల్మ్‌నగర్ కొద్ది దూరమే. సినిమా షూటింగుకైతే డమ్మీ తుపాకులు అద్దెకే దొరుకుతాయి. అదే అసలైన పాత పాయింట్ టూటూ రైఫిల్ కావాలంటే మాత్రం వెతుకులాటే!

1959లో అమెరికాలో వచ్చిన రెమింగ్టన్ నైలాన్ 66నే తీసుకోండి. కట్టె బదులు నైలాన్ పిడి. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, మరోటి దానంతటదే సిద్ధమవుతుంది. ఆ ఏడాదే టామ్ ఫ్రై దాంతో గాల్లోకి విసిరిన 1,00,010 చెక్కముక్కలకు గురిపెట్టి, ఆరింటినే వదిలేశాడు! పది లక్షలకు పైగా తయారై, ఎప్పుడో ఆగిపోయింది. మన దేశంలో అలాంటి పాత తుపాకీ కొనాలంటే లైసెన్సున్న మరొకరు అమ్మాల్సిందే.

తాతగారిదే ఇంట్లో ఉంటే? మనవడికీ సొంత లైసెన్సు కావాలి. 2019 చట్ట సవరణతో సామాన్య లైసెన్సుదారుకు రెండు తుపాకులే పరిమితి, వారసత్వంగా వచ్చినవాటితో కలిపి. కాబట్టి మూడోది ఎంత అపురూపమైనా వదులుకోక తప్పదు.