రొట్టె ఒక చేతిలో, మాత్ర ఇంకో చేతిలో

పోయిన వారం మన గ్రూపులో ఒక ఫొటో వచ్చింది, చూశారు కదా. ఐర్లండ్‌లో నర్సుగా చేస్తున్న మన చెల్లెలు పంపింది. ఒక పాత బావి, పక్కన చెట్టు, కొమ్మల నిండా గుడ్డపీలికలు. జబ్బు చేసినవాళ్ల బట్టలోంచి చిన్న పీలిక చించి, నీళ్లలో తడిపి అక్కడ కడతారట. ఆ పీలిక ఎండకీ వానకీ చివికిపోయేకొద్దీ జబ్బు కూడా తగ్గుతుందని నమ్మకం. ఫొటో కింద వరసగా నవ్వు బొమ్మలు పెట్టారు. "తెల్లవాళ్లకీ మూఢనమ్మకాలేనా" అని ఒకక్క రాసింది.

నాకు నవ్వు రాలేదు. మాది నెల్లూరు.

ఐర్లండ్‌లో అలాంటి బావులు దాదాపు 3,000 ఉన్నాయంటారు. కిల్డేర్‌లో సెయింట్ బ్రిజిడ్ పేరున ఉన్న బావి బాగా పేరున్నది. ఫిబ్రవరి 1న ఆమె పండుగ. బావుల చుట్టూ మనలాగే కుడివైపుగా ప్రదక్షిణలు చేస్తారు. కంటిజబ్బులకి వేరే బావులు, పంటినొప్పికి వేరే బావులు. మనకు మాత్రం లేవా? స్వర్ణాల చెరువు ఉంది కదా!

తెలియని వాళ్ల కోసం చెబుతాను. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది. పన్నెండుమంది వీరుల సమాధులున్న చోటు అది. ఆర్కాటు నవాబు భార్యకి జబ్బు చేస్తే ఆ సమాధుల దగ్గరి మట్టితో నయమైందని, అప్పటినుంచే ఈ ఆచారం వచ్చిందని మా పెద్దవాళ్లు కథ చెబుతారు. కోరిక ఉన్నవాళ్లు నెత్తిన కొంగు కప్పుకుని చెరువు నీళ్లలో నిలబడి, అది తీరినవాళ్ల దగ్గర రొట్టె పట్టుకుంటారు. తమది తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి రొట్టె వదులుతారు. ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగ రొట్టె ఉన్నట్టే విదేశీ రొట్టె కూడా ఉంది. నా వీసా కోసం మా అమ్మ పట్టిన రొట్టె అదే. నేను బనియాస్‌లో దిగాక, నా బదులు తనే పోయి వదిలి వచ్చింది. హిందువులమా ముస్లింలమా అని అక్కడ ఎవరూ అడగరు.

ఇప్పుడు అసలు సంగతి. నా తమ్ముడికి చిన్నప్పటినుంచి ఫిట్స్. మాత్రలతో బాగానే ఉండేవాడు. ఒక ఏడు అమ్మ వాడి కోసం ఆరోగ్య రొట్టె పట్టింది. "మాత్రలు మింగుతా ఉంటే నమ్మకం లేనట్టే" అని ఎవరో అన్నారట. అమ్మ మాత్రలు ఆపేసింది. పది రోజుల తర్వాత వాడికి ఒకదాని మీద ఒకటి ఫిట్స్. నాలుగు రోజులు ఐసీయూ. నేనిక్కడ నైట్ డ్యూటీలో ఉన్నాను. పొద్దున ఫోన్‌లో అమ్మని నోటికొచ్చినట్టు తిట్టేశాను.

అమ్మ ఏమనిందో తెలుసా? "డాక్టరు రెండు నిమిషాలు కూడా చూడలేదు తల్లీ. చెరువులో ఎవరో ఒకామె నా చెయ్యి పట్టుకుని, నా బిడ్డకీ ఇట్లానే ఉండేది, నీ బిడ్డకీ నయమవుద్దిలే అనింది."

ఇన్నేళ్ల సర్వీసులో నాకెవరూ చెప్పని పాఠం అది. నీళ్ల దగ్గరికి పోయేవాళ్లు తెలివి లేక పోవడం లేదు. అక్కడ వాళ్ల మాట వినే మనిషి ఉంది. మన ఓపీలో ఆ మనిషి లేదు. కాబట్టి నమ్మకాన్ని ఎగతాళి చేసే హక్కు మనకి లేదు.

అట్లాగని ఊరుకోవడానికీ లేదు. ఐర్లండ్‌లోనే కెర్రీ ప్రాంతంలో పిచ్చి కుదురుతుందని పేరున్న బావి ఒకటుంది. ఆ నీళ్లలో లిథియం ఉందని పత్రికల్లో వచ్చింది. మానసిక జబ్బుకి మనమిచ్చే మందు కూడా లిథియమే. చూశారా పెద్దల విజ్ఞానం అని మురిసిపోకండి. మాత్రలో ఉండే మోతాదు రావాలంటే అలాంటి నీళ్లు ఎన్ని బిందెలు తాగినా చాలదు. తమిళనాడు ఏర్వాడి సంగతి గుర్తుందా? దర్గాలో నయమవుతుందని తీసుకొచ్చిన మానసిక రోగుల్ని అక్కడి షెడ్లలో గొలుసులతో కట్టేసేవారు. 2001 ఆగస్టు 6న మంటలు లేస్తే 28 మంది పారిపోలేక కాలి చనిపోయారు. ప్రార్థన వాళ్లని చంపలేదు. వైద్యం లేకపోవడం, గొలుసు కలిసి చంపాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసు వేయడాన్నే నిషేధించింది.

దారి లేకపోలేదు. గుజరాత్‌లో మీరా దాతార్ దర్గా దగ్గర "దవా-దువా" అని మొదలుపెట్టారు. దువా చేసుకోవడానికి వచ్చినవాళ్లని ముజావర్లే పక్కనున్న మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతారు. తర్వాత ఏర్వాడిలోనూ అదే పద్ధతి వచ్చింది. నా అభిప్రాయం ఒక్కటే. రొట్టెల పండుగలో ఆరోగ్య రొట్టె పట్టే చోట కూడా అలాంటి బల్ల ఒకటి ఉండాలి. బీపీ చూసి పంపేసే క్యాంపు చాలదు. కూర్చోబెట్టి, మాత్రల చీటీ చూసి, "రొట్టె పట్టు తల్లీ, ఇవి మాత్రం ఆపొద్దు" అని చెప్పే మనిషి కావాలి. ఆ మాట ముజావర్ నోట వస్తే ఇంకా మంచిది.

"నువ్వు నర్సువి, మూఢనమ్మకాన్ని పెంచుతావా?" అని నాతో పనిచేసే ఒకామె అడిగింది. నేను వద్దంటే అమ్మ మానేస్తుందా? నాకు చెప్పకుండా పోతుంది. చెప్పకుండా పోయినప్పుడే మాత్రలు ఆగేది.

అందుకే ఇంటినుంచి ఫోన్ వచ్చినప్పుడు "పోవద్దు" అనకండి. "మాత్రలు సంచిలో పెట్టుకున్నారా?" అని అడగండి. ఫిట్స్ ఉన్నవాళ్లని నీళ్లలోకి ఒంటరిగా దిగనివ్వొద్దని చెప్పండి. ఆ నీళ్లు నెత్తిన చల్లుకోమనండి, తాగొద్దనండి. కుక్క కరిస్తే, పాము కాటేస్తే, మూతి వంకరపోతే మాత్రం ముందు ఆసుపత్రి, మొక్కు తర్వాత. ఈ మూడింట్లో నేను రాజీపడను.

మనముండే ఈ ఊరి పేరు బనీయాస్ తెగది. జింక వెంట వచ్చి మంచినీళ్లు కనుక్కున్న ఆ తెగవాళ్లే 1761లో అబుదాబికి పునాది వేశారని ఇక్కడి కథ. ఆ నీళ్లకి కాపలాగా కట్టిన బురుజే ఇప్పటి కస్ర్ అల్ హోస్న్. నీళ్లంటే మొక్కాలనిపించడం ఎడారిలో ఉన్న మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

మా అమ్మ ఇప్పటికీ ఏటా చెరువుకి పోతుంది. రొట్టెలు చుట్టే గుడ్డలోనే తమ్ముడి మాత్రల షీటు కూడా చుడుతుంది. వాడికి రెండేళ్లుగా ఫిట్స్ రాలేదు. అమ్మ రొట్టె వల్ల అంటుంది, నేను మాత్ర వల్ల అంటాను. ఆ వాదన మాత్రం మా ఇంట్లో తెగదు, తెగాల్సిన పని కూడా లేదు.

మీ ఇంట్లో ఎట్లా ఉంది అక్కలూ? రాయండి.