పేరుకు నది... పనికి మురుగు కాల్వ!

హిమాలయాల్లో పుట్టిన నదులకు మండు వేసవిలోనూ మంచు కరిగి నీళ్లొస్తాయి. గోదావరికి ఆ వెసులుబాటు లేదు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే ఈ నదికి వానలే ఆధారం. మరి ఆ గోదావరి పాయల నడుమ పారే ఓ చిన్న ఏటి సంగతేమిటి? దాని పేరు కౌశిక.

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. ఆ రెంటి మధ్య నేలే కోనసీమ. వశిష్ఠ నుంచి విడివడిన వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మ్యాపులో ఈ మూడూ ఇట్టే కనిపిస్తాయి. కౌశికను మాత్రం వెతుక్కోవాలి. అంబాజీపేట పరిసరాల్లో కొబ్బరితోటలనూ, వరిచేలనూ ఒరుసుకుంటూ పారుతుందిది. సప్త గోదావరుల్లో ఇదీ ఒకటని, కౌశికుడైన విశ్వామిత్రుడి పేరే దీనికి వచ్చిందని ఇక్కడివారి నమ్మకం.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా తీరే మారిపోయింది. కాల్వలు నీళ్లు తెచ్చి చేలకు పెడతాయి. చేలు తాగగా మిగిలిన నీరు, వాన నీరు ఏదో దారిన సముద్రం చేరాలి. ఆ పని కౌశికలాంటి ఏళ్ల మీద పడింది. అలా నది కాస్తా మురుగు కాల్వయింది.

కోనసీమ నేల దాదాపు బల్లపరుపు. నీరు అసలే నెమ్మదిగా కదులుతుంది. దానికి పూడిక, గుర్రపుడెక్క తోడైతే ఎక్కడిదక్కడే నిలిచిపోతుంది. ముసురు పట్టిందంటే నాట్లు కుళ్లిపోతాయి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి దేశం దృష్టిలో పడ్డారు. 2022లో మళ్లీ అదే మాట వినిపించినప్పుడు, రైతులు చెప్పిన కారణాల్లో మురుగు కాల్వల పూడిక కూడా ఉంది.

ఏడాదికొక్క రోజు మాత్రం అందరి కళ్లూ కౌశిక మీదే. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద తరలివస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశికను దాటి రావాలి. ‘అశ్శరభ... శరభ’ అంటూ యువకులు భుజాన ప్రభతో నీళ్లలోకి దిగుతుంటే, గట్ల మీద జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. 2023 గణతంత్ర వేడుకల్లో ఢిల్లీ వీధుల్లో ఊరేగిన ఆంధ్రప్రదేశ్ శకటం ఈ తీర్థానిదే.

ప్రభ దాటే చోట ఏరు శుభ్రంగా ఉంటే చాలదు. అక్కడి నుంచి సముద్రం దాకా దారి తెరిచి ఉంటేనే చేను బతుకుతుంది. ప్రభను మోసే భుజాలూ ఆ చేను మీద బతికేవే కదా!