777 అను అలవాటు

అంబర్‌పేట్ మొదలుకొని ఉప్పల్, నాచారముల వరకు గల హాస్టళ్లలో నుండి కంప్యూటరు విద్య నభ్యసించు యువకులలో, లినక్స్ తెరపై ‘పర్మిషన్ డినైడ్’ అని కనబడిన తోడనే కారణ మారయక ‘సీహెచ్‌మోడ్ 777’ అని కొట్టి ముందునకు సాగిపోవువారు పెక్కండ్రు. పని జరిగినది గదా యని సంతసించు ఆ క్షణముననే, ఆ ఫైలును చదువుటకు, దిద్దుటకు, నడుపుటకు ఆ యంత్రముపై ఖాతా గల వారెల్లరకును హక్కు సంక్రమించినదని వారికి విడమరచి చెప్పినవారు లేరు. ఈ లోపము మన బోధనది.

1969లో బెల్ ప్రయోగశాలలయందు కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు యూనిక్స్‌ను ఆరంభించిన కాలమున కంప్యూటరు ఒక్కరి సొత్తు కాదు. 1967లో నాచారమునకు చేరువనే వెలసిన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున టీడీసీ కంప్యూటర్లను నిర్మించిన నాడును ఒకే యంత్రమును పలువురు పంచుకొనవలసియుండెను. అందుచేతనే యజమాని, బృందము, ఇతరులు అను విభజనయు, చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1 అను లెక్కయు క్రమముగా ఏర్పడినవి. 640 అనిన యజమాని చదివి వ్రాయగలడు, బృందము చదువగలదు, ఇతరులకు ఏదియు లేదు.

ఇంతవరకు పిల్లలు చక్కగా అప్పజెప్పుదురు. మెలిక యంతయు డైరెక్టరీ యందున్నది. అధ్యాపకుని మార్కుల ఫైలు 644గా నున్నదనుకొందము. విద్యార్థి యందులో ఒక్క అక్షరమైన మార్చలేడు. కాని దాని నుంచిన డైరెక్టరీ 777 అయినచో, అదే విద్యార్థి ఆ ఫైలును నిశ్శేషముగ తొలగించి, అదే పేరుతో తన ఫైలును అచట నుంచగలడు; ఏలయన తొలగించుట యనగా డైరెక్టరీలోని పేరును కొట్టివేయుటయే గాని ఫైలును దిద్దుట కాదు. అందరును వాడు ‘టెంప్’ డైరెక్టరీకి 777 గాక 1777 ఉండుటకు కారణ మిదియే: ముందున్న ఆ 1 వలన, ఫైలు యజమానియో, డైరెక్టరీ యజమానియో, రూట్ అధికారియో తప్ప అన్యులు దానిని తొలగింపజాలరు.

కళాశాలల సర్వర్లలో విద్యార్థుల ఆధార్ ప్రతులు, ఫీజుల వివరములు నిలువయుండు ఈ దినములలో, వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో చట్టము వచ్చిన పిమ్మటకూడ, ప్రాక్టికల్ పరీక్షలలో 755ను అక్షరములలో వ్రాయుమని యడిగి తృప్తిచెందుట నా కెంతయు బాధాకరము. ఒక 777 డైరెక్టరీని చేతికిచ్చి, ఇందులో ఎవరి ఫైలును ఎవరు తొలగింపగలరో చెప్పుమనవలెను. పిదప తరగతి కొక బృందమును సృష్టించి, కొత్త ఫైళ్లన్నియు ఆ బృందమునకే చెందునట్లు ఆ బృందపు డైరెక్టరీకి 2770 పెట్టి చూపుమనవలెను. ఒక గంట ల్యాబుకు మించిన పని కాదిది. వచ్చు సెమిస్టరు నుండియే ఆరంభింపవచ్చును.