ఆరు పెట్టలకు ఓ కాగితం ఇవ్వండి

గోదావరి జిల్లాల పట్టణ వాసులకు, మున్సిపల్ పాలకులకు విన్నపం



టౌన్లో ఇంటి పెరట్లో కోళ్లు పెంచుకోవచ్చా అని మున్సిపల్ ఆఫీసులో అడిగి చూడండి. ఒకరు "ఎవరూ కంప్లయింట్ ఇవ్వనంతవరకు పర్లేదండీ" అంటారు. పక్క సీటాయన "అబ్బే, కుదరదు" అంటారు. రూలేదీ అంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

వాళ్లను అని లాభం లేదు. 1965 నాటి మున్సిపాలిటీల చట్టం జంతువుల్ని పొరుగువారికి ఉపద్రవం కలిగేలా ఉంచకూడదంటుంది. న్యాయమే. కానీ ఎన్ని కోళ్లయితే ఉపద్రవం? గూడు గోడకెంత దూరంలో ఉండాలి? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కోళ్ల ఫారాలకు మార్గదర్శకాలు రాసింది గానీ, అక్కడ అనుమతుల లెక్క 5,000 కోళ్ల దగ్గర మొదలవుతుంది. ఐదు కోళ్లున్న ఇంటికి ఏ లెక్కా లేదు.

రూలు లేని చోట పంతాలదే రాజ్యం. మా వీధిలో ఒక మామ్మగారి గూడు అలాగే పోయింది. పాత కిటికీ చట్రానికి మెష్ కొట్టించిన గూడు, కింద జానెడు వరి ఊక, నాలుగు పెట్టలు. పొద్దున్నే రెట్ట పట్టిన ఊకను పారతో ఎత్తి, కరివేపాకు చెట్టు పక్కన గోతిలో వేసి, పైన చారెడు సున్నం చల్లేవారు. వాసన లేదు, ఈగ లేదు. పక్కింటివాళ్లతో గొడవేమో బండి ఎక్కడ పెట్టాలన్న దాని మీద, ఫిర్యాదు మాత్రం కోళ్ల మీద! మున్సిపాలిటీ వాళ్లు రెండ్రోజుల్లో తీసేయమన్నారు, అదీ నోటిమాటగా. ఆవిడ తీసేశారు. కాగితం అడగాలని ఆవిడకెవరు చెప్తారు?

అందుకే మేమడిగేది ఒకటే: ప్రతి మున్సిపాలిటీ తన పరిధిలో ఒక స్పష్టమైన నిబంధన చెయ్యాలి. సొంత వాడకానికి ఇంటికి ఆరు పెట్టల వరకు పెంచుకోవచ్చు, పుంజులు వద్దు. గూడుకు నాలుగు వైపులా మెష్, పైన కప్పు ఉండాలి, పక్కింటి కిటికీకి పదడుగుల దూరం పాటించాలి. రాత్రిపూట మేత బయట వదలకూడదు, ఎందుకంటే ఎలకలు వచ్చేది కోళ్ల కోసం కాదు, నూకల కోసం. వార్డు సచివాలయంలో ఉచితంగా పేరు నమోదు చేసుకోవాలి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ముందు తనిఖీ, తర్వాత రాతపూర్వక నోటీసు, సరిదిద్దుకోవడానికి పదిహేను రోజుల గడువు. అప్పటికీ మారకపోతే తీసేయించండి, మేమే వచ్చి గూడు పట్టుకుంటాం.

పుంజుల్ని మేమే ఎందుకు వదిలేస్తున్నామని మనవాళ్లే కోప్పడతారు. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ మించకూడదని శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. తెల్లవారుజామున కూసే పుంజుకు ఈ సంగతి ఎవరు నచ్చజెప్పాలి? పైగా మన జిల్లాల్లో కోడి అనగానే సంక్రాంతి బరి, కత్తి గుర్తొస్తాయి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కోడిపందేల్ని నేరమంటోంది. గుడ్డు కోసం పెంచే ఇల్లాలు ఆ అనుమానం ఎందుకు మొయ్యాలి? పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదేమో అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పెడుతుందండీ, ఆ గుడ్డు పొదిగితే పిల్ల కాదు, అంతే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ రకం ఏడాదికి రెండొందల దాకా పెడుతుంది. అంటే నాలుగు పెట్టలుంటే రోజుకు రెండు గుడ్లు. బడికెళ్లే పిల్లలిద్దరున్న ఇంటికి అది చిన్న విషయం కాదు.

ఇది ఎక్కడా లేని వింత కోరికేం కాదు. న్యూయార్క్‌లో పెట్టలు పెంచుకోవచ్చు, పుంజుకు నిషేధం. మన పిల్లలు ఎంతోమంది ఉద్యోగాలు చేస్తున్న సియాటిల్‌లో 2010 నుంచి ఎనిమిది కోళ్ల దాకా అనుమతి ఉంది, పుంజు అక్కడా వద్దు.

బర్డ్ ఫ్లూ సంగతేమిటంటారా? అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఇదే, దీన్ని తేలిగ్గా తీసెయ్యలేం. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లోనే కదా ఆ వైరస్ బయటపడింది! వ్యాధి తేలిన చోటు నుంచి కిలోమీటరు లోపల కోళ్లను చంపాలి, పది కిలోమీటర్ల వరకు నిఘా పెట్టాలి. మరి ఏ ఇంట్లో ఎన్ని కోళ్లున్నాయో తెలియకుండా ఆ పని ఎలా చేస్తారు? వద్దంటే జనం పెంచడం మానరు, దొడ్డిగోడ వెనక దాస్తారు. దాచిన కోడి చస్తే కాలవలో పారేస్తారు గానీ డాక్టరుకు చెప్పరు. ఇంగ్లండ్ 2024 అక్టోబర్ 1 నుంచి ఒక్క కోడి ఉన్నా నమోదు తప్పనిసరి చేసింది ఈ భయంతోనే. పేరు నమోదైతే కొక్కెర తెగులు టీకా ఏ వీధిలో ఎప్పుడు వెయ్యాలో పశువైద్యుడికీ తెలుస్తుంది.

బర్డ్ ఫ్లూ రోజులు వస్తే అధికారులు చెప్పినట్టు గూళ్లు మూసేస్తాం, పట్టుకుపోతామంటే అడ్డుపడం. నష్టపరిహారం జాబితాలో పెద్ద ఫారాలతో పాటు మా నాలుగు పెట్టల్నీ రాయండి చాలు.

ఈ కరపత్రం వెనక వైపు వినతిపత్రం నమూనా ఉంది. మీ వార్డు సచివాలయంలో ఒక కాపీ, మున్సిపల్ కమిషనర్‌కు ఒకటి ఇచ్చి, రసీదు తీసుకోండి. సంతకాలు మాత్రం కోళ్లు పెంచనివాళ్ల దగ్గర మొదలుపెట్టండి. పక్కింటివాళ్లు పదడుగులు చాలదు, పదిహేను కావాలంటే వాదించకుండా పదిహేను అనే రాయండి.